పింఛను గడపలోకి వస్తోంది, ఆసుపత్రిలో మాత్రం వేలు పడదంటారేం మంత్రిగారూ?

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా, వింజమూరు పక్కన పల్లె. ఇంట్లో మిషను కుట్టుకుంటాను. ఈ ఉత్తరం మా అత్తమ్మ గురించి, మా వీధిలో ఆమె ఈడు ముసలోళ్ళందరి గురించి.

ఒకటో తేదీ తెల్లారేసరికి గ్రామ సచివాలయం అమ్మాయి మా గడపలో ఉంటుంది. అత్తమ్మకు వితంతు పింఛను 4000. ఆమె వేలిముద్ర మిషన్ మీద పడదు. పడదంటే పడదు. నలభై ఏళ్ళు పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టిన చేతులవి, ఆ జిగురుకీ దారం రాపిడికీ బొటనవేలి మీద గీతలనేవే పోయి గాజుపెంకులా నున్నగా అయిపోయింది. అయినా ఆ అమ్మాయి విసుక్కోదు. "అవ్వా, కళ్ళు పెద్దవి చెయ్" అంటుంది, అదీ కాకపోతే ముఖం ఫోటో తీస్తుంది, పది నిమిషాల్లో డబ్బు చేతిలో పెట్టి పోతుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవర్నీ తిట్టలేను.

పోయిన వేసవిలో ఇదే వేలు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ దగ్గర పడలేదు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, 108లో తీసుకెళ్ళాం. ఎన్టీఆర్ వైద్య సేవ (అదే, పాత ఆరోగ్యశ్రీ) ఉన్న ఆసుపత్రే, గోడ మీద పెద్ద బోర్డు కూడా ఉంది. స్ట్రెచర్ మీద మూలుగుతున్న మనిషి చెయ్యి పట్టుకుని నాలుగుసార్లు మిషన్‌కి అదిమారు, తడిగుడ్డతో తుడిచి ఇంకోసారి అదిమారు. కంటితో చూడండి, ముఖంతో చూడండి అని నేను మొత్తుకుంటే "సర్వర్ పనిచేయట్లేదమ్మా, రేపు చూద్దాం, ఈలోగా అడ్వాన్స్ కట్టండి" అన్నారు. మా ఆయన ఊళ్ళో వాళ్ళకీ వీళ్ళకీ ఫోన్లు చేసి మూడు రూపాయల వడ్డీకి 20 వేలు తెచ్చాడు. మూడో రోజు అప్రూవల్ వచ్చింది. ఆపరేషన్‌కి డబ్బు తీసుకోలేదు, కాదనను. కట్టిన 20 వేలు మాత్రం స్కానింగులకీ మందులకీ సరిపోయిందట. రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకెలేసి ఇచ్చారు. ఆ అప్పు ఇంకా తీరలేదు, పింఛనులోంచే వడ్డీ పోతోంది.

ఇక వయసు గొడవ. 2024 అక్టోబరులో కేంద్రం 70 దాటిన వాళ్ళందరికీ ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది గదా, ఏడాదికి 5 లక్షలు, ఆదాయంతో పనిలేదు. సరే చేయిద్దామని పోతే ఆధార్ లెక్కలో ఇంకా 70 రాలేదన్నారు. పుట్టిన తేదీ 1959 జనవరి 1 అట. ఆధార్ తీసినప్పుడు ఎవరో ముఖం చూసి వేసిన అంచనా అది. 1977 తుపాను నాటికి అత్తమ్మకు నలుగురు పిల్లలు, చివరివాడు చంకలో. అంటే ఆధార్ ప్రకారం పద్దెనిమిదేళ్ళకే నలుగురన్నమాట! బడి మొహం చూడని మనిషి సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? పదో తరగతి కాగితం ఉన్న రిటైర్డ్ ఆఫీసరు గారికి ఆ కార్డు ఒక్కపూటలో వచ్చేస్తుంది. ఆయనకి రావద్దని కాదు నా బాధ.

ఆధార్ మీ చేతిలో లేదంటారు, తెలుసు. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. ఒకటో తేదీన మా ఇంట్లో వేలు పడకపోతే కన్ను, కన్ను కాకపోతే ముఖం ఎలా చూస్తున్నారో ఆసుపత్రి కౌంటర్‌లోనూ అలాగే చూడమని రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వండి. పింఛను తీసుకునే మనిషి దగ్గర అడ్మిషన్‌కి ముందు రూపాయి అడగకూడదని అదే బోర్డు మీద, అంతే పెద్ద అక్షరాలతో రాయించండి. పింఛనుకి వచ్చే అమ్మాయి చేతనే వైద్య సేవ కార్డు పనిచేస్తోందో లేదో ఇంటి దగ్గరే చూపించేయండి, పేరు తప్పో వయసు తప్పో ఉంటే ఎముక విరగక ముందే తెలుస్తుంది.

వైద్య సేవలో 25 లక్షల వరకూ ఉచితం అంటున్నారు, మంచిదే, అంత పెద్ద జబ్బులు మాకొద్దు. నెల నెలా బీపీ, షుగరు బిళ్ళల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇప్పటికే ఎక్కువైంది.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఈ ఒకటో తేదీ పొద్దున ఆరింటికి మీ ఆఫీసు నుంచి ఎవరినైనా మా వీధికి పంపండి. వచ్చేటప్పుడు ఆసుపత్రిలో వాడే ఆ మిషన్ కూడా తెమ్మనండి.

ఇట్లు,
వింజమూరు దగ్గర పల్లె నుంచి ఒక కోడలు