మంగమారిపేట ఒడ్డున ఆల్ఫా సెంటారీ

ఒరేయ్ బాబ్జీ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు చెయ్యకు. రాయాలి రాయాలి అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. తిట్టాలనుంటే ఇది మొత్తం చదివాక తిట్టు, ముందే మొదలెడితే మజా పోతుంది.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, చిన్నది ఇంటర్‌లో చేరింది, మా వీధి చివర వేపచెట్టు కొట్టేశారు. దాంతోపాటు నువ్వు చెక్కిన ఆ పేరు కూడా పోయింది. మంచిదేలే, ఇప్పుడు ఆవిడ మనవల్ని ఎత్తుకుని అదే వీధిలో తిరుగుతోంది. అయిపోయాయి కబుర్లు.

ఇక అసలు సంగతి. ఆల్ఫా సెంటారీని చూశాన్రా! ఫోటోలో కాదు, కళ్ళతో, మంగమారిపేట ఒడ్డున నిలబడి.

సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అత్యంత దగ్గరి నక్షత్రాలు ఇవే, వీటిని చూడాలంటే ఆస్ట్రేలియా పోవాల్సిందేనని చిన్నప్పుడు ఒక పెద్దాయన చెప్పాడు, గుర్తుందా? నువ్వు టికెట్ కోసం డిబ్బీ కూడా పెట్టావు. ఆ డిబ్బీ డబ్బులు చివరికి ఏమయ్యాయో ఇక్కడ రాయను, ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది. తీరా చూస్తే ఆస్ట్రేలియా అక్కర్లేదు, భీమిలి బస్సెక్కితే చాలు! లెక్క చిన్నదే. ఆ చుక్క ఖగోళ మధ్యరేఖకి (అంటే భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి) 60.8 డిగ్రీల దక్షిణాన ఉంది. మన వైజాగ్ అక్షాంశం 17.7. తొంభైలోంచి ఈ రెండూ తీసేస్తే పదకొండున్నర డిగ్రీలు మిగులుతాయి, సముద్రం అంచు మీంచి దాని ఎత్తు అదే. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. సముద్రం అంచు మీద ఆ పిడికిలి ఆనించి, కాస్త పైకి చూడాలి. మే నెల మధ్యలో అయితే రాత్రి పదకొండింటికి సరిగ్గా దక్షిణాన ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఏమనుకోకు. 29 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరానికి వెళ్తే అది అసలు ఉదయించదు. మీ చండీగఢ్ 30.7. నువ్వు మేడెక్కినా, నీళ్ళ ట్యాంకు ఎక్కినా లాభం లేదు. (ట్యాంకు ఎక్కడం నీకు కొత్త కాదనుకో.)

ఆ ముందు రోజు గాలివాన కొట్టింది. మే నెలలో మన సముద్రం మీద మసక ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, ఆ వానకి అదంతా దిగిపోయింది. పైగా అమావాస్య దగ్గర. మా మేనల్లుడు నాలుగంగుళాల టెలిస్కోపు కొనుక్కున్నాడు, వాడు ఫోన్ చేసి, "మావయ్యా, ఇవాళ కాకపోతే మళ్ళీ వచ్చే ఏడాదే" అన్నాడు. బావ కూడా బండెక్కాడు. ఎందుకు వచ్చాడో తెలీదు, దారిలో బజ్జీలు ఉంటాయనేమో.

తొమ్మిదింటికి చేరాం. అప్పటికి త్రిశంకుడు, అదే సదరన్ క్రాస్, నిటారుగా నిలబడి ఉంది. దానికి ఎడమపక్కన రెండు మంచి చుక్కలు, అందులో ఎడమ చివరిది ఆల్ఫా సెంటారీ. నాకు నోట మాట రాలేదు. బావకి మాత్రం వెంటనే వచ్చింది: "అది ఓడ లైటు. పోర్టులోకి వెళ్ళడానికి వెయిటింగ్‌లో ఉంది."

నిజమే, ఆ పక్క లంగరేసిన ఓడలు చాలా ఉన్నాయి. కానీ మరీ ఆ చుక్కని పట్టుకుని ఓడ అంటే ఎలారా! నేను అక్షాంశం లెక్క చెప్పాను. వినడు. మేనల్లుడు ఫోనులో పటం చూపించాడు. "ఫోన్‌లో ఏదైనా చూపిస్తారు" అన్నాడు. ఇద్దరం గొంతు పెంచేసరికి, పడవ పక్కన చుట్ట కాలుస్తున్న ఓ ముసలాయన లేచి వచ్చాడు. "ఓడకి అటో దీపం ఇటో దీపం ఉంటాది బాబూ. అది సుక్కే. ఎండాకాలం రోజూ అక్కడే కనపడతాది" అన్నాడు. బావ ఆయన్నీ నమ్మలేదు. సరే, ఒక పందెం. అరగంటలో ఓడల దీపాలు ఉన్నచోటే ఉండి, ఆ చుక్క కుడివైపుకి జరిగితే బజ్జీల డబ్బులు బావవి. జరిగిందిరా! ఓడల వరస మీదుగా స్పష్టంగా జరిగింది. డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను, అదెలా జరిగిందో మా బావ తెలిసినవాడివి, నీకు చెప్పక్కర్లేదు.

తర్వాత టెలిస్కోపులో చూశాం. అంత కిందన ఉంటుంది కదా, గాలికి తెగ వణికిపోతోంది. కానీ మధ్యమధ్యలో ఒక్కో క్షణం నిలబడేది, అప్పుడు రెండుగా కనిపించేది! ఒకటి పెద్దది, పక్కన కొంచెం మసకగా, నారింజ రంగు ఛాయలో ఇంకొకటి. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి దాదాపు 80 ఏళ్ళు పడుతుందట. ఇది జంట అని మొదట కనిపెట్టింది ఎక్కడనుకున్నావు? మన పక్క పుదుచ్చేరిలో! 1689లో రిషో అనే ఫ్రెంచి పాద్రీ అక్కడ తోకచుక్కని చూస్తూ చూస్తూ దీన్ని పట్టేశాడు.

దూరం 4.37 కాంతి సంవత్సరాలు, అంటే వెలుగుకే అన్నేళ్ళు పట్టే దూరం. మేనల్లుడు అంకె చెప్తే బావ "ఓహో" అని ఊరుకున్నాడు. నాకు మాత్రం నువ్వు గుర్తొచ్చి ఇంటికొచ్చాక లెక్కేశాను. సూర్యుణ్ణి ఐదు సెంటీమీటర్లు దాటిన పెద్ద నిమ్మకాయ అనుకుని ఆర్కే బీచ్‌లో పెట్టు. భూమి ఆరు మీటర్ల లోపు దూరంలో అర మిల్లీమీటరు నలుసు. మరి ఆల్ఫా సెంటారీ? సరిగ్గా మీ చండీగఢ్‌లో, వందా నూటయాభై మీటర్ల ఎడంగా ఇంకో రెండు నిమ్మకాయలు! వాటి మూడో తోడు ప్రాక్సిమా మీ ఊరి నుంచి డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరాన ఏ గోధుమ పొలంలోనో శనగగింజంత. మధ్యలో ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, యూపీ మొత్తం ఖాళీ. ఆ లెక్క చూసి చాలాసేపు అలా కూర్చుండిపోయాన్రా. ఆ రాత్రి నా కంట్లో పడ్డ వెలుగు నాలుగేళ్ళ నాలుగు నెలల కిందట బయల్దేరింది. నువ్వు ఆఖరిసారి ఇక్కడికి వచ్చి... సర్లే, దాని గురించి ఇప్పుడు ఎందుకు.

ప్రాక్సిమా అన్నాను కదా, సూర్యుడి తర్వాత మనకి అన్నిటికన్నా దగ్గరిది అదే, 4.24 కాంతి సంవత్సరాలు. అయినా కంటికి కనపడదు. 1915లో జొహానెస్‌బర్గ్‌లో ఇన్నెస్ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టేదాకా అదొకటి ఉందనే ఎవరికీ తెలీదు. ఇలాంటి ఎర్ర మరుగుజ్జులే, అంటే చిన్నగా, మసకగా, ఎర్రగా ఉండే నక్షత్రాలే, మన చుట్టూ ఎక్కువ, నాలుగు నక్షత్రాల్లో సుమారు మూడు ఇవే, కానీ ఒక్కటీ మామూలు కంటికి ఆనదు. ఎక్కడో ఐదొందల కాంతి సంవత్సరాలకి పైన ఉన్న జ్యేష్ఠేమో డాబా మీంచి కూడా మెరుస్తుంది. పెద్దవాళ్ళ వెలుగే మనకి ఆకాశం అన్నమాట. దీని మీద నీతో చాలా వాదించాలి.

"అయితే అక్కడికి వెళ్ళొచ్చా?" అని బావ అడిగాడు. 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక సెకనుకి 17 కిలోమీటర్లు పోతోంది, ఆ వేగంతో ప్రాక్సిమాకి 75 వేల ఏళ్ళు పడుతుంది, పైగా అది అటు పోవడం కూడా లేదు అన్నాను. "అయితే వద్దులే" అన్నాడు.

ఇంకోటి, ఇది వింటే ఎగిరి గంతేస్తావు. మనం చదివిన మిసెస్ ఏవీఎన్ కాలేజీ పేరులో ఉన్న ఏవీఎన్, అంకితం వెంకట నర్సింగరావు గారు, ఏం చేసేవారో తెలుసా? నక్షత్రాలు చూసేవారు! ఆయన మావగారు గోడే వెంకట జగ్గారావు గారు మద్రాసులో టేలర్ అనే ఖగోళ శాస్త్రవేత్త దగ్గర నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో తన ఇంట్లోనే వేధశాల కట్టారు. 1874లో శుక్రుడు సూర్యుడికి అడ్డంగా పోయినప్పుడు అల్లుడుగారు వైజాగ్‌లోనే చూసి లెక్కలు రాశారు. మనం మూడేళ్ళు ఆ గేటు దగ్గర పకోడీలు తిన్నాం, ఒక్కడూ చెప్పలేదు.

అర్ధరాత్రి దాటాక బర్నార్డ్ నక్షత్రం కూడా పట్టాం. ఆరు కాంతి సంవత్సరాలు, చిన్న మసక చుక్క, చూడ్డానికి ఏమీ లేదు. కానీ ఆకాశంలో అంత వేగంగా జరిగే నక్షత్రం ఇంకోటి లేదు, 180 ఏళ్ళలో చందమామ వెడల్పంత జరుగుతుంది. దానికి చిన్న చిన్న గ్రహాలున్నాయని 2024లో ఒకటి, 2025లో ఇంకో మూడు చెప్పారు. అన్నిటికీ ఏడాదంటే మన వారం లోపే. "వారం వారం ఉగాది పచ్చడా!" అని బావ ఒక్కటే నవ్వు. ఆ రాత్రి ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది అదొక్కటే.

డిసెంబరులో రారా. అప్పటికి ఆల్ఫా సెంటారీ దొరకదు, కానీ లుబ్ధకుడు, అదే సిరియస్, దొరుకుతాడు, 8.6 కాంతి సంవత్సరాలు. వాడి పక్కన కనిపించని తోడు ఒకటి ఉందని బెస్సెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త 1844లోనే లెక్క కట్టి చెప్పాడు, 1862లో కానీ ఎవరికీ కనపడలేదు. అదేంటంటే మామూలు నక్షత్రం కాదు, సూర్యుడంత బరువు, భూమంత సైజు...

కింద బావ హారన్ కొడుతున్నాడు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అత్తయ్య దిగుతోంది, స్టేషన్‌కి పోవాలి. దారిలోనే పోస్టు చేసేస్తాను, లేకపోతే ఇది ఇంకో ఆరు నెలలు బల్ల మీదే ఉంటుంది.

నీ
చంటి