ఏమవుతుందో తెలియని రోజుల్లో పిల్లలతో

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఈ మధ్య స్కూలుకు వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది, పిల్లల చదువు సంగతి మాట్లాడటం అయిపోయి లేవబోతూ ఒక మాట అడుగుతున్నారు. "మాకే ఏమవుతుందో తెలియట్లేదు మేడమ్, పిల్లలకు ఏం చెప్పమంటారు?" ఒకరికి ఉద్యోగం సంగతి తేలలేదు. ఇంకొకరింట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేదు. పెద్ద తరగతుల పిల్లలున్న ఇళ్లల్లో ఫలితాల టెన్షన్ సరేసరి. అందుకే ఈ నెల కార్యక్రమాల వివరాలను వేరే పేజీలో ఇచ్చి, ఈ ఉత్తరం మొత్తం ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను.

"మావాడికి అస్సలు ఓపిక లేదండీ" అని మనం తేలిగ్గా అనేస్తుంటాం, ఓపిక ఏదో పుట్టుకతో వచ్చే గుణమైనట్టు. 2013లో అచ్చయిన ఒక పరిశోధన చదివితే ఆ మాట అనబుద్ధి కాదు. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం అది. ముందు పిల్లలకు అరిగిపోయిన రంగు క్రేయాన్లు ఇచ్చి, "కాసేపు ఆగితే కొత్తవి తెస్తాను" అని చెప్పి వెళ్లారు. సగం మందికి నిజంగానే తెచ్చిచ్చారు. మిగతా సగానికి "సారీ, లేవు" అన్నారు. స్టిక్కర్లతో మళ్లీ అలాగే చేశారు. ఆ తర్వాత అసలు పరీక్ష: ముందు ఒక మార్ష్‌మాలో మిఠాయి పెట్టి, 15 నిమిషాలు తినకుండా ఆగితే రెండు ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలే.

రెండు గుంపుల్లోనూ ఒకే వయసు పిల్లలే, అదే మిఠాయి. తేడా అంతా ఎదుటి మనిషి మాట మీద ఉన్న నమ్మకంలోనే ఉంది. ఎదురుచూస్తే ఫలితం ఉంటుందని తెలిసిన పిల్లలు ఆగుతారు. ఆగినందుకు ఏమీ దక్కని పిల్లలు ఆగరు, అది వాళ్ల తప్పూ కాదు. కాబట్టి ఓపిక పట్టమని పిల్లలకు చెప్పే ముందు, ఆ ఓపికకు కావలసిన నమ్మకం వాళ్లకు ఇస్తున్నామా అని పెద్దవాళ్లం చూసుకోవాలి.

ఈ టర్ములో చిన్న తరగతుల్లో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక గాజు సీసా ఇచ్చాం. లోపల తడి కాగితం, కాగితానికీ గాజుకూ మధ్య ఒక చిక్కుడు గింజ. మొదటిరోజు గింజ ఉబ్బుతుంది, తోలు ముడతలు పడుతుంది. తర్వాత కొన్నాళ్లు ఏమీ కనిపించదు. పిల్లలకు కష్టమైన రోజులు అవే. ఆ తర్వాత తెల్లటి మొన ఒకటి బయటికొస్తుంది, అది కిందికే వెళ్తుంది. గింజను తలకిందులుగా పెట్టినా వేరు వంకర తిరిగి కిందికే వెళ్తుంది. వేరు కొసన ఉన్న కణాల్లోని పిండి రేణువులు బరువుకు కిందివైపుకు చేరతాయి, ఏది కింద అన్నది మొక్కకు వాటివల్లే తెలుస్తుంది. వేరు కుదురుకున్నాక గానీ కాండం పైకి లేవదు. అందరూ చూడాలనుకునే ఆకు అన్నిటికంటే ఆఖరున వస్తుంది.

కుండీలో మట్టిలో నాటిన ఒక పిల్లాడు రోజూ వేలితో తవ్వి గింజను చూసుకున్నాడు. వేరు వచ్చిన రోజు పైకి లాగి టీచర్‌కు చూపించాడు. లేత వేరు మీద సన్నటి నూగు ఉంటుంది, నీళ్లు పీల్చేది ప్రధానంగా ఆ నూగే. లాగితే అది తెగిపోతుంది. టీచర్ వాడిని తిట్టలేదు. తెగిన నూగును భూతద్దంలో చూపించి, ఇంకో గింజ ఇచ్చారు. "ఎంతవరకు చదివావు, ఎన్ని మార్కులొస్తాయి" అని పూటపూటా అడిగే మనం చేసేదీ ఆ తవ్వడమే అని నాకు అనిపిస్తుంది.

అన్ని గింజలూ మొలవవని కూడా చెప్పాలి. కొన్ని కుళ్లిపోయాయి, ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. ఆ పాఠం వద్దనుకోవడానికి లేదు. నమ్మకం అంటే కోరుకున్నది జరిగి తీరుతుందని కాదు, జరగకపోయినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చని. పెద్ద తరగతులకు ఇదే సందర్భంలో వృక్షశాస్త్రవేత్త విలియం బీల్ ప్రయోగం చెప్పాం. ఆయన 1879లో అమెరికాలోని మిషిగన్‌లో 20 సీసాల్లో గింజలు నింపి భూమిలో పాతిపెట్టారు, ఎన్నేళ్ల తర్వాత కూడా మొలుస్తాయో చూద్దామని. ఆయన తర్వాత ఆ పని ఒక తరం శాస్త్రవేత్తల నుంచి ఇంకో తరం చేతికి వచ్చింది. 2021లో ఒక సీసా తవ్వి తీస్తే, 142 ఏళ్లు మట్టిలో ఉన్న గింజల్లోనూ కొన్ని మొలకెత్తాయి. ఆఖరి సీసా తీయాల్సింది 2100లో. ఫలితం తాము చూడలేమని తెలిసీ అంత శ్రద్ధగా పని చేసిన మనుషుల గురించి మన పిల్లలు వినడం నాకు చాలా ముఖ్యం.

ఇక ఉదయం మొదటి పీరియడ్‌కు ముందు చేయిస్తున్న నిశ్శబ్ద సమయం గురించి. పిల్లలు చెట్టు కింద కాసేపు కూర్చుంటారు. వినిపించే చప్పుళ్లు వింటారు, ఊపిరి నెమ్మదిగా వదులుతారు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే వదలడం నిదానంగా ఉండాలంటాం. అయితే మైండ్‌ఫుల్‌నెస్‌ను, అంటే ఇలా ఈ క్షణం మీదే ధ్యాస పెట్టే సాధనను, సర్వరోగ నివారిణిలా మీకు చెప్పదలచుకోలేదు. బ్రిటన్‌లో 8 వేలకు పైగా పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. బడిలో అందరికీ కలిపి పాఠంలా నేర్పితే పిల్లల మానసిక ఆరోగ్యం మామూలు కంటే మెరుగుపడలేదని తేలింది. ఇంటి దగ్గర సాధన చేసిన పిల్లలు తక్కువే. అందుకే మన స్కూల్లో దీన్ని పాఠం చేయలేదు, మార్కులూ లేవు. ఇష్టం లేని పిల్లలు కళ్లు తెరుచుకుని చీమల వరుస చూస్తూ కూర్చోవచ్చు. ఇంట్లో కూడా "కూర్చో, ధ్యానం చెయ్" అని చెప్పకండి. ఫోన్ పక్కన పెట్టి మీరే పిల్లలతో కలిసి కిటికీ దగ్గరో, డాబా మీదో కాసేపు కూర్చోండి. ఏమీ మాట్లాడక్కర్లేదు.

మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. తెలియనిది తెలియదనే చెప్పండి. "అంతా బాగానే ఉంటుంది" అనకండి, అది మన చేతిలో లేని మాట. దానికి బదులు, "ఇంకా తెలియదు, శుక్రవారం డాక్టర్‌తో మాట్లాడాక చెప్తాను" అనండి. శుక్రవారం వచ్చాక, కొత్తగా ఏమీ తేలకపోయినా, మర్చిపోకుండా పిలిచి ఆ మాటే చెప్పండి. సాయంత్రం ఆరింటికి వస్తానంటే ఆరింటికి రండి, రాలేకపోతే ముందే ఫోన్ చేయండి. పెద్ద సంగతులు మన చేతిలో లేనప్పుడు పిల్లలు ఈ చిన్న మాటలనే పట్టుకుని నిలబడతారు. స్కూలు తరఫున మేమూ అలాగే ఉంటాం: పరీక్ష తేదీలు ఖాయం కానంతవరకు ఊహించి చెప్పం, ఖాయమైన రోజే మీకు తెలియజేస్తాం.

ఇంట్లో ఏదైనా పెద్ద మార్పు జరుగుతుంటే క్లాస్ టీచర్‌కు ఒక ముక్క చెప్పండి. వివరాలు అక్కర్లేదు, "ఈ నెల మాకు కాస్త కష్టంగా ఉంది" అంటే చాలు, క్లాసులో మేం దానికి తగ్గట్టు చూసుకుంటాం. పిల్లలు వారాల తరబడి సరిగా నిద్రపోకపోయినా, తినకపోయినా, స్నేహితులతో మాట్లాడటం మానేసినా ఓపిక పట్టకండి. వెంటనే మా కౌన్సెలర్‌ను కలవండి, అవసరమైతే డాక్టర్‌కు చూపించండి. నన్ను కలవాలంటే సాయంత్రం స్కూలు వదిలాక ఆఫీసులోనే ఉంటాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు