పాత విక్టా మోవర్‌ను బయట పెట్టేముందు ఒక్కసారి మాకు చూపించండి

నమస్కారం. వినాయక చవితి దాటిందంటే సిడ్నీలో గడ్డి ఊపందుకుంటుంది, గడ్డి కోసే మోవర్లు బాగుచేసే మా షాపులో రద్దీ కూడా. ఈసారి అది మొదలయ్యేలోపే మా కస్టమర్లందరికీ కొన్ని విషయాలు సూటిగా చెప్పాలి. ఏం బాగుచేస్తాం, ఏది చేయం, ఎంత తీసుకుంటాం అన్నవి.

ముందు కొత్త విషయం. ఇన్నాళ్లూ మీరు తెచ్చిన మోవర్లు రిపేరు చేసి ఇస్తున్నాం. ఇకనుంచి మీకు అక్కర్లేని పాత టూ స్ట్రోక్ విక్టాలను, అంటే పెట్రోల్‌లో ఆయిల్ కలిపి నడిపే విక్టా కంపెనీ మోవర్లను, మేమే తీసుకుని, బాగుచేసి, తిరిగి అమ్ముతాం. కౌన్సిల్ క్లీనప్‌లో, అంటే అక్కర్లేని పాత సామాను కౌన్సిల్ వాళ్లు తీసుకెళ్లే సమయంలో, బ్లాక్‌టౌన్, సెవెన్ హిల్స్ వీధుల్లో చూడండి. పాత పరుపులు, విరిగిన కుర్చీల పక్కనే విక్టా ఉంటుంది. మనవాళ్లు పాత ఇల్లు కొన్నప్పుడు షెడ్డులో మోవర్ దొరుకుతుంది. తాడు నాలుగుసార్లు లాగుతారు, స్టార్ట్ కాకపోతే బయట పెట్టేస్తారు. నాకు అది చూస్తే నిజంగా బాధేస్తుంది. చాలా మోవర్లలో ఇంజిన్ శుభ్రంగా ఉంటుంది.

అసలు జరిగేది ఏంటంటే, చలికాలంలో గడ్డి పెద్దగా పెరగదు కాబట్టి ట్యాంకులో పెట్రోల్ ఉండగానే మోవర్ మూలన పెడతారు. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ పాడై జిగురు కడుతుంది. అది ఈ10 (ఇథనాల్ కలిపిన పెట్రోల్) అయితే అందులోని ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాలను దెబ్బతీస్తుంది. విక్టా జీ4 కార్బురేటర్ ప్లాస్టిక్‌ది, లోపల డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటుంది. అది బిగుసుకుపోయినా చిరిగినా పెట్రోల్ సరిగ్గా అందదు. స్టార్ట్ చేసేముందు నొక్కే ప్రైమర్ మూత పగిలినా స్టార్టింగ్ ట్రబులే. ఈ రెండూ చిన్న వస్తువులు, ఇప్పటికీ దొరుకుతున్నాయి. దీనికోసం మొత్తం మోవర్‌ను పాత ఇనుములో పడేయడం అన్యాయం.

రెండో సమస్య కార్బన్. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా పెట్రోల్‌తో కలిసి కాలుతుంది కదా, ఏళ్లు గడిచేకొద్దీ ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) దగ్గర, సైలెన్సర్‌లో నల్లగా పేరుకుంటుంది. మోవర్ స్టార్ట్ అవుతుంది గానీ ఒత్తు గడ్డిలో పెట్టగానే పికప్ పడిపోతుంది. నేను విజయవాడ ఆటోనగర్‌లో చేతక్, ఆర్‌ఎక్స్ 100 బళ్ల మీద పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడా ఇదే జబ్బు, ఇదే మందు. సైలెన్సర్ విప్పి, పిస్టన్ పోర్టును మూసేలా నిలిపి, చెక్క పుల్లతో ఓపిగ్గా గీకాలి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే పిస్టన్ మీద గీతలు పడతాయి.

ఈ పాత మోవర్ల మీద ఇంత పట్టింపు ఎందుకని కొందరు అడుగుతుంటారు. 1952లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ మొదటి విక్టాను తయారుచేసింది మన సిడ్నీలోనే, కాంకర్డ్‌లో, తన ఇంటి దగ్గర. ఇంజిన్‌ను పక్కకు పడుకోబెట్టి, పెట్రోల్ ట్యాంకుగా పీచ్ పళ్ల డబ్బా బిగించాడు. కొడుకు గడ్డి కోసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాడని, అతనికి పని తేలికవ్వాలని మొదలుపెట్టిన ప్రయత్నం అది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో కూడా ఈ మోవర్లు మైదానంలోకి వచ్చాయి. మామూలు స్పానర్లతో పూర్తిగా విప్పి మళ్లీ బిగించగలిగేలా చేసిన యంత్రం ఇది, అందుకే నాకు ఇష్టం.

ఇక పొగ సంగతి. టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోల్ కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. అందుకే ఆస్ట్రేలియాలో ప్రమాణాలకు తగని చిన్న ఇంజిన్లను 2018 జూలై 1 నుంచి కొత్తగా తయారుచేయడం, దిగుమతి చేసుకోవడం ఆపేశారు. ఏడాది తర్వాత కొత్తవాటి అమ్మకం కూడా ఆగింది. అది మంచి నిర్ణయమే అని నా అభిప్రాయం. ఆ రూల్ కొత్త మెషీన్లకే, మీ దగ్గరున్న పాతదాన్ని వాడుకోవచ్చు, రిపేరు చేయించుకోవచ్చు. అయితే మార్స్‌డెన్ పార్క్, బాక్స్ హిల్ వైపు కొత్త ఇళ్లలో ఇంటి వెనక చాపంత గడ్డి ఉన్నవాళ్లకు నేను విక్టా అమ్మను. మీకు బ్యాటరీ మోవర్ చాలు, చప్పుడు తక్కువ, పక్కింటివాళ్లకు ఇబ్బంది లేదు. పాత పెద్ద ఇంటి స్థలాల్లో, కికుయు గడ్డి మోకాలి దాకా పెరిగే చోట మాత్రం విక్టా పనికి తిరుగులేదు.

కొన్ని మోవర్లు నేను తిప్పి పంపేస్తాను, దయచేసి ఏమీ అనుకోవద్దు. ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోల్ పోసి నడిపితే పిస్టన్ పట్టేస్తుంది, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) నిండా గీతలు పడతాయి. అలాంటిదాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చుతో మరో మంచి విక్టా వస్తుంది. దాన్ని విడిభాగాలకు ఉంచుకుంటాం. బేస్ పగిలినా, బ్లేడ్లు బిగించే డిస్కులో బోల్టు రంధ్రాలు అరిగి పెద్దవైనా ఎంత బతిమాలినా చేయను. అంత వేగంగా తిరిగే బ్లేడు ఊడి వస్తే పక్కన ఆడుకునే పిల్లల కాళ్లకు తగులుతుంది.

చూసి చెప్పడానికి 30 డాలర్లు తీసుకుంటాం, పని మాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాం. కార్బురేటర్ సర్వీసు, డయాఫ్రం, ప్లగ్, కొత్త బ్లేడ్లు అన్నీ కలిపి 120 డాలర్లు. క్రాంక్ ఆయిల్ సీళ్లు (ఇంజిన్ షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగులు) పోయి ఎయిర్ లీక్ అవుతుంటే ఇంజిన్ విప్పాలి, కాబట్టి ముందే ఫోన్ చేసి రేటు చెప్తాం, మీరు సరేనన్నాకే విప్పుతాం. విడిభాగాల్లో ఒరిజినల్ ఏది, డూప్లికేట్ ఏది అన్నది బిల్లు మీదే రాసి ఇస్తాం. చవక డయాఫ్రంలు కొన్ని ఒక్క సీజన్ కూడా నిలబడటం లేదు, అవి తెప్పించడం మానేశాం. అందుకే రేటు కాస్త పెరిగింది.

సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా రెండు మూడు వారాలు ఆగాల్సి వస్తుంది. తొందర ఉంటే ఆగస్టులోనే తెచ్చిపెట్టండి. కారులో వేసేముందు పెట్రోల్ మొత్తం తీసేయండి. ఇంటికి తీసుకెళ్లాక ఇథనాల్ లేని పెట్రోల్ 5 లీటర్లకు 200 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపండి, అంటే 25కు 1. ఈ లెక్క రాసిన స్టిక్కర్ ప్రతి మోవర్ హ్యాండిల్ మీద మేమే అంటించి ఇస్తాం. ఆదివారాలు సెలవు, శనివారం మధ్యాహ్నం దాకా ఉంటాం.