సుగ్గికి పోయేవాళ్ల కూలి రేటు ఏ ఫోన్‌లో ఉంది?

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఉపాధి సేవలన్నీ ఇక ఫోన్‌లోనే అని వార్త వేశారు. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లు ఊరుకున్నాను. నిన్న సాయంత్రం కోసిగి దిక్కు నుంచి వచ్చిన రెండు బొలెరోలు మూటలు, వంటసామాన్లు, చంటిపిల్లలతో మా షాపు ముందు నుంచే గుంటూరు మిరపకోతలకు పోతుంటే చూసి ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. సంక్రాంతి పోయిందంటే మా పడమటి మండలాల్లో సుగ్గి, అంటే కూలిపనికి వలస, మొదలైనట్టే. వీధుల్లో తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. ఇది మీకూ తెలుసు, అధికారులకూ తెలుసు, ప్రతి ఏడూ మీరే ఫొటోలు వేస్తారు.

నేను ఎమ్మిగనూరులో చిన్న నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, అదే నా బతుకుదెరువు. 2021 ఆగస్టులో అసంఘటిత కూలీల పేర్లు రాసుకునే కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్ మొదలైనప్పుడు మా చుట్టుపక్కల పల్లెల నుంచి వందల మంది వచ్చారు. ఆధార్, ఓటీపీ, బ్యాంకు ఖాతా, చదువు, చేసే పని అన్నీ నింపి 12 అంకెల నంబరున్న కార్డు చేతికిచ్చాను. దేశం మొత్తమ్మీద 30 కోట్ల మందికి పైగా అందులో పేరు రాయించుకున్నారు, చిన్న సంగతేం కాదు. కానీ ఒక పెద్దమ్మ ఆ రోజు అడిగిన మాట నాకు ఇంకా గుర్తుంది. "ఏం నాయనా, ఈ కార్డు చూపిస్తే యాడన్నా పని ఇస్తారా?" అంది. ఇస్తారమ్మా అన్నాను. నమ్మే చెప్పాను. ఆమె ఇప్పుడు కూడా కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ చెప్పిన ఊరికే, చెప్పిన రేటుకే పోతోంది.

ఆన్‌లైన్ వద్దనే మనిషిని కాను నేను. 2025 జనవరి 30న వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర 161 సేవలతో వచ్చింది. సర్టిఫికెట్ కోసం రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగే బాధ దాంతో కొంత తప్పింది, దానివల్ల నా షాపుకు గిరాకీ తగ్గినా నాకు సంతోషమే. గుంటూరు యార్డులో ఇవాళ మిర్చి క్వింటాలు ఎంతో క్షణంలో ఫోన్‌లో తెలుస్తుంది. అదే మిర్చి కోసే మనిషికి కిలోకు ఎంతిస్తారో, ఏ ఊళ్లో ఎంతమంది కావాలో, ఉండటానికి షెడ్డుందో లేదో ఏ ఫోన్‌లోనూ కనబడదు. ఆ సంగతులన్నీ తెలిసేది ఒక్క మేస్త్రీకే. అతను ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు కాబట్టి పోయేవాళ్లకు ఎదురడిగే నోరుండదు.

నేషనల్ కెరీర్ సర్వీస్ అని పని వెతుక్కోవడానికి కేంద్రానికి ఇంకో పోర్టల్ ఉంది, 2015 నుంచి నడుస్తోంది. ఈ-శ్రమ్ నంబరుతో అందులోనూ చేరవచ్చు. కాకపోతే అందులో పని కావాలనేవాడు ఎంతమందైనా చేరతాడు గానీ, పది ఎకరాల మిరప రైతు నాకు ముప్పై మంది కావాలి, రేటు ఇది అని వచ్చి రాయకపోతే ఏం లాభం? ఎప్పుడు చూసినా వివరాలు ఇవ్వాల్సింది కూలీయే. పనిచ్చేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. నా బాధంతా ఇదే.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 25 మంది, అంతకు పైన పనిచేసే సంస్థ ప్రైవేటుదైనా సరే, ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలని 1959లోనే చట్టం చేశారు. దాన్ని గట్టిగా అమలు చేసి ఉంటే మన పిల్లలు ఇలా బెంగుళూరు బస్సులెక్కి తెలిసినవాళ్లను బతిమాలుకునే పని ఉండేదా? నా డిగ్రీ అయ్యాక నేనూ కార్డు తీసుకుని మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకున్నాను, ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్క కాల్ లెటర్ వచ్చింది. ఎస్తోనియా అని ఒక చిన్న దేశం ఉంది, జనాభా మన కర్నూలు జిల్లా కన్నా తక్కువ. అక్కడ 2014 జూలై నుంచి, మనిషి పనిలో చేరే ముందే యజమాని అతని పేరు పన్నుల శాఖ రిజిస్టరులో రాయాలి, అదీ ఆన్‌లైన్‌లో. రాసే బాధ్యత యజమానిది. మన దగ్గర అన్ని కంప్యూటర్లూ ఉన్నాయి, ఇంజనీర్లయితే ప్రపంచానికే మనం పంపుతున్నాం, మరి ఇంత చిన్న పని ఎందుకు కాదు?

రాష్ట్రం దాటి పోయేవాళ్లకు 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చారు. మావాళ్లు పోయేది ఎక్కువగా గుంటూరు, పల్నాడు, అంటే సొంత రాష్ట్రమే. వందల కిలోమీటర్లు పోయినా ఆ చట్టం లెక్కలోకి రాలేదు.

ఇంకొక్క మాట. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ గర్వం మాకుంది. 2023 జనవరి నుంచి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పనిదగ్గర ఫొటో తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లు, అంటే రానివాళ్లకు హాజరు వేయడం, ఆపాలంటే ఏదో ఒకటి చేయాలి, కాదనను. కానీ గుట్ట కింద సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఎండలో తవ్విన మనిషి కూలి పోవడం ఏం న్యాయం? అడిగితే సర్వర్ అంటారు. ఇదివరకు గుమాస్తా తప్పు చేస్తే పోయి నిలదీయడానికి ఒక మనిషి కనబడేవాడు. ఇప్పుడు ఎవరినడిగినా తెర వైపు వేలు చూపిస్తున్నారు. మా పక్కింటి అబ్బాయి బెంగుళూరులో ఒక కంపెనీలో నాలుగేళ్లు చేసి మానేశాడు. పీఎఫ్ డబ్బులకు పెడితే ఒకచోట ఉరుకుందు, ఇంకోచోట ఉరుకుందప్ప అని ఉందని మూడుసార్లు తిప్పి పంపారు. ఆ పేరు తప్పు రాసింది వాడు కాదు. చెల్లెలి పెళ్లికి ఆ డబ్బు అందనే లేదు, అప్పు చేశారు. తప్పు ఎవరిదో వాళ్లే దిద్దాలని ఒక నియమం పెడితే ఏం పోతుంది?

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ మన మిత్ర వాట్సాప్‌లోనే ఇంకో సేవ పెట్టండి. పదిమందికి మించి కూలీలను బయటి ఊరి నుంచి పిలిపించే రైతైనా మేస్త్రీ అయినా ఊరు, రేటు, ఎన్ని రోజులు, అడ్వాన్సు ఎంత అన్నది వాళ్ల సచివాలయంలో రాయించాలి. అది కోసిగిలో కూర్చున్నవాడికి తెలుగులో, చదువురానివాడికి మాటల్లో వినబడాలి. ఏ పిల్లలు ఏ ఊరికి పోయారో అక్కడి బడికి అదే రోజు తెలియాలి.

అది వచ్చేదాకా ఆగేలా లేదు, ఇంకా బండ్లు పోతూనే ఉన్నాయి. ఈ ఏడు సుగ్గికి పోయేవాళ్లెవరైనా సరే మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, పోయే ఊరు, ఒప్పుకున్న రేటు ఒక కాగితం మీద రాయించుకుని మా షాపుకు తెండి. రెండు జిరాక్సులు తీసిస్తాను, డబ్బులు వద్దు. ఒకటి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పెట్టి, ఒకటి వెంట తీసుకుపోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా