పొయ్యికీ గాలి కావాలి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం పాతవూళ్లో ఇంట్లోనే ఓళిగలు (బొబ్బట్లు) చేసి అమ్ముతాను. సిలిండర్ల ఖర్చు తట్టుకోలేక ఉగాది తర్వాత చెనిక్కాయ పొట్టు గుళికలతో మండే పెల్లెట్ పొయ్యి పెట్టించుకున్నాను. అడుగున చిన్న ఫ్యాను, వెనక నుంచి గోడ దాటి బయటికి పొగగొట్టం. ఎండాకాలమంతా కిటికీలు తెరిచే ఉండేవి కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు.

ఆషాఢం గాలి మొదలైనాక వచ్చింది తంటా. మా ఊరి గాలి తెలిసిందే కదా, కిటికీ తీస్తే పెనం మీదికే దుమ్ము. అన్నీ బిగించి, ఆవిరి పోవడానికి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకుని పని చేస్తున్నాను. మంటలో చురుకు పోయింది, పొయ్యి అద్దానికి మసి పట్టింది. మూడో రోజు పూర్ణం ఉండలు చేస్తున్న మా అత్తమ్మకు తలనొప్పి, ఆ వెంటనే వాంతి. పైత్యమనుకున్నాం. అరుగు మీద కూర్చోబెడితే తేరుకుంది, లోపలికి రాగానే మళ్లీ అదే తలనొప్పి. డాక్టరమ్మ అంతా విని, పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అయ్యుంటుందన్నారు. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుందట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ చలికి ఇల్లు వెచ్చబెట్టుకునే పెల్లెట్ స్టవ్‌లకు పొగగొట్టంతో పాటు బయటి గాలి తెచ్చే గొట్టం ఇంకోటి పెడతారట. ఫ్యాక్టరీలో చేసి తెచ్చి నిలబెట్టే ఇళ్లలోనైతే అది తప్పనిసరి. కిలో కట్టె కాలాలంటే సుమారు 5 ఘనపు మీటర్ల గాలి కావాలి. మూసిన గదిలో ఉన్న గాలిని ఎగ్జాస్ట్ ఫ్యాను బయటికి లాగేస్తుంటే పొయ్యికి ఏం మిగులుతుంది? పొగగొట్టంలోంచి పొగే వెనక్కి వస్తుంది. వాడు చెప్పినట్టు ఊదుబత్తి వెలిగించి పొయ్యి తలుపు సందు దగ్గర పట్టుకున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే ఆ పొగ పొయ్యిలోకి పోకుండా నా మొహం మీదికి మళ్లింది. కిటికీ జానెడు తీశాను, అదే పొగ లోపలికి పోయింది.

మర్నాడే మేస్త్రీని పిలిచి గోడకు రంధ్రం కొట్టించి, పొయ్యి గాలి మూతికి సరిపడే ఇనుప గొట్టం బిగించాం. వంపు ఒకటే. బయటి మూతి కిందికి వంచి, ఎలుకలు దూరకుండా జాలీ కట్టాం. పొగగొట్టం దగ్గర పెడితే ఆ పొగనే మళ్లీ పీలుస్తుంది కాబట్టి దూరంగా పెట్టించాం. దుమ్ముకు జాలీ మూసుకుపోతుంది, వారం వారం నేనే దులుపుతున్నాను. ఇప్పుడు అద్దం తేటగా ఉంది. అత్తమ్మ మళ్లీ పక్కనే కూర్చుంటోంది.

మా పుట్టింటి పాత మిద్దెకు పైన గాలీ వెలుగూ వచ్చే గవాచి ఉండేది, తలుపు పగలంతా తెరిచే ఉండేది. స్లాబు ఇళ్లకు ఆ దారులు లేవు. అందుకే పొయ్యి అమ్మేవాళ్లు గాలి గొట్టం కూడా ఇచ్చి తీరాలి. కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, మండించి చూపించాకే డబ్బు తీసుకోవాలి. నాకు బిగించినాయన ఈ మాటే ఎత్తలేదు.

శ్రావణం వస్తోంది, ఇంటింటా ఓళిగలు మొదలవుతాయి. ఈ ఉత్తరాన్ని ఆలోపే వేయమని ప్రార్థన.

— ఓళిగలు చేసే ఒక గృహిణి, పాతవూరు, అనంతపురం