ఎలా పడ్డారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

2012 నుంచి నేను మెడికల్ కోడింగ్ పనిలో ఉన్నాను. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, బిల్లు కోసం ప్రతి గాయానికీ కోడ్ ఇవ్వడం నా ఉద్యోగం. జబ్బులకు, గాయాలకు, వాటి కారణాలకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ వర్గీకరణను ఐసీడీ అంటారు. మొదటి మూడేళ్లు దాని తొమ్మిదో కూర్పు, ఐసీడీ-9 కోడ్‌లు వాడాం. అందులో చెట్టు మీద నుంచి పడినా, గడ్డివాము మీద నుంచి పడినా, ఆగి ఉన్న బండి మీద నుంచి పడినా కారణానికి ఒకటే కోడ్, ఇ-884.9. మణికట్టు విరిగితే అది కుడిచెయ్యో ఎడమచెయ్యో కోడ్ చూసి తెలిసేది కాదు. 2015 అక్టోబరు 1న అమెరికాలో వాటికి స్వస్తి చెప్పి ఐసీడీ-10 తెచ్చారు. చెట్టు మీద నుంచి పడటానికి డబ్ల్యూ-14 అని విడిగా చోటు దొరికింది. ఏ చెయ్యి, ఇంకా చికిత్స నడుస్తోందా, మానుతున్న దశలో చూపించుకోవడానికి వచ్చారా, పాత దెబ్బ మిగిల్చిన ఇబ్బందా అన్నదంతా కోడ్‌లోనే ఉంటుంది.

ఎక్కడో అమెరికాలో పడిన మనిషి గురించి ఇంత వివరంగా రాసే నేను, ఉద్దానంలో మా మేనమామ కాగితం చూసి నివ్వెరపోయాను. కొబ్బరికాయలు దింపుతూ ఆయన చెట్టు మీద నుంచి జారిపోయారు. డిశ్చార్జి కాగితంలో ‘పడిపోవడం వల్ల ఎముక విరిగింది’ అని ఒక్క ముక్క ఉంది. ఏ చెయ్యో లేదు, ఎక్కడి నుంచి పడ్డారో లేదు. ప్రమాద బీమా వాళ్లు ‘మంచం మీద నుంచి పడ్డారేమో, మాకెలా తెలుస్తుంది?’ అన్నారు. చెట్టును కరుచుకుని జారినప్పుడు ఛాతీ మీద పడిన గీతలు అప్పటికింకా మానలేదు. కాగితం సరిచేయించడానికి నాలుగుసార్లు బస్సెక్కాం. పని కాలేదు. ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ పిడికిలి పట్టదు.

ఇది మా ఇంటి బాధ మాత్రమే కాదు. చెట్టు మీద నుంచి పడినవారు, పొలంలో పాము కాటేసినవారు, జీడితోటలో ఎలుగుబంటి బారిన పడినవారు ఎందరో, కారణం రాయని కాగితాల నుంచి లెక్క ఎలా తీస్తారు? లెక్క లేనిచోట నివారణకు నిధులు ఏమని అడుగుతారు?

ఐసీడీ-10 ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించినది. అమెరికా దాన్ని తన అవసరాలకు ఇంకా విడగొట్టుకుంది, అంతే. మన దేశంలోనూ మరణ కారణాల నమోదుకు అదే వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి ఐసీడీ-11ను కూడా అమల్లోకి తెచ్చింది. బతికి ఇంటికి వెళ్లే మనిషి కాగితంలోనూ కారణం ఉండాలి కదా!

ఓపీలో ఊపిరాడని డాక్టర్లను కోడ్‌లు వెతకమనడం లేదు. ఏ వైపు దెబ్బ, ఎక్కడి నుంచి పడ్డారు, ఏ పని చేస్తుండగా అన్న మూడు మాటలు రాస్తే చాలు. కోడ్‌లు వేయడానికి ఈ పని నేర్చి విశాఖ, హైదరాబాద్, చెన్నైలకు వెళ్లిన మన జిల్లా పిల్లలు ఉన్నారు. వారిలో కొందరిని ఇక్కడి ఆసుపత్రుల్లోనే నియమించుకోవచ్చు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులు డిశ్చార్జి కాగితంలో ఆ మూడు గళ్లు చేర్చాలని, దాన్ని ఉద్దానం నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక మెడికల్ కోడర్,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా