మా తమ్ముడి బెయిల్‌కి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడు బెయిల్ మీద ఇంటికి వచ్చాడు. ఫోన్ చేసి అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని కొందరు కోరారు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు.

అందరికంటే ముందు, నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఉచిత న్యాయసేవ కింద మా కేసు చూసిన లాయర్ మేడమ్‌కి. అమీర్‌పేట హాస్టల్ గదిలో గంజాయి దొరికిందని కుర్రాళ్లందరినీ తీసుకెళ్లినప్పుడు చుట్టాలది ఒకటే మాట: ఎన్డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసు, ఇక బెయిల్ రాదు. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. మేడమ్ మాత్రం ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, "పంచనామాలో ఎంత బరువు రాశారు?" అని అడిగారు. నాలుగు కిలోల చిల్లర. "అయితే సెక్షన్ 37 మీకు అడ్డు రాదు" అన్నారు.

ఆ రోజు ఆవిడ చెప్పింది నాలాంటి వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. 1985 నాటి ఈ చట్టంలో బెయిల్ చాలావరకు తూకం మీద ఆధారపడుతుంది. గంజాయి కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే కమర్షియల్, అంటే వ్యాపార స్థాయి మొత్తం. కమర్షియల్ అయితే సెక్షన్ 37 అడ్డొస్తుంది: నిందితుడు తప్పు చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని జడ్జికి నమ్మకం కలగాలి. ప్రభుత్వ లాయర్ వాదన కూడా వినాలి. విచారణ మొదలవకముందే అంత నమ్మకం కలిగించడం ఎంత కష్టమో వేరే చెప్పాలా! మధ్యలో పడిన మా తమ్ముడి లాంటి కేసుల్లో మామూలు బెయిల్ సూత్రాలే వర్తిస్తాయి. శిక్ష మాత్రం చిన్నదేం కాదు, పదేళ్ల దాకా పడొచ్చు.

బెంచీ మీద మా పక్కన కూర్చున్న ఒకమ్మ కొడుకుది ఎండీఎంఏ అనే మత్తుమందు కేసు. దానికి 10 గ్రాములు దాటితే చాలు, కమర్షియల్. కల్తీ కలిసినా మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఆవిడకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మొదటి పిటిషన్ కొట్టేశారు. దర్యాప్తు నడుస్తుండగా ఇలాగే అవుతుందని మేడమ్ ముందే చెప్పారు కాబట్టి మేం కుప్పకూలలేదు. ఛార్జిషీటు పడ్డాక మళ్లీ వేశారు. సరుకు దొరికింది రూమ్మేట్ సూట్‌కేసులో అని, మావాడికి అది తెలుసనడానికి కాగితాల్లో ఏమీ లేదని, పాత కేసులు లేవని వాదించారు. ఈసారి ఇచ్చారు. డబ్బు తీసుకోని లాయర్ గట్టిగా వాదించరని మా బాబాయ్ అన్నాడు. ఈ ముక్క ఆయన కూడా చదవాలని నా కోరిక. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. కోర్టు బయట ఒకాయన లక్షలిస్తే వారంలో తెప్పిస్తానన్నాడు. అలాంటివాళ్ల జోలికి పోకండి.

బెయిల్ వచ్చింది కదా అనుకుంటే షూరిటీల (పూచీ ఇచ్చేవాళ్ల) దగ్గర ఆగింది. మా ఆఫీసు అన్నయ్య జీతం సర్టిఫికెట్ తెచ్చి సంతకం పెట్టారు. రామంతాపూర్ పెద్దనాన్నగారు ఇంటి కాగితాలు పట్టుకుని ఎండలో వచ్చి, వెరిఫికేషన్ అయ్యేదాకా కూర్చున్నారు. డ్రగ్స్ కేసు అనగానే మొహం చాటేసినవాళ్లను చూశాక వీళ్లిద్దరి విలువ నాకు తెలిసింది. రిలీజ్ ఆర్డర్ సాయంత్రంలోగా చెర్లపల్లి జైలుకు చేరేలా పరుగెత్తిన జూనియర్ లాయర్‌కీ థ్యాంక్స్.

కేసు ఇంకా ఉంది. తమ్ముడు ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి, వాయిదాలకు వెళ్లాలి. పెద్దనాన్నగారూ, జిరాక్సులు తీయించిన మీ ఇంటి పన్ను రసీదులు నా దగ్గరే ఉన్నాయి, ఈ వారంలో తెచ్చిస్తాను.